దాజీ పేట్‌లో ఒంటెను ఇచ్చి గెలిచిన ఆట

నేను బస్సు కండక్టర్‌ని. పదకొండేళ్లుగా రోజూ ప్రయాణం చేస్తున్నాను గానీ ఎక్కడికీ వెళ్లలేదు. పొద్దున సిరిసిల్లలో ఎక్కితే సాయంత్రానికి మళ్లీ సిరిసిల్లలోనే దిగుతాను. అందుకే సోలాపూర్ వెళ్లి చెస్ ఆడతాను, మూడు రోజులు సెలవు కావాలి అని అడిగినప్పుడు మా మేనేజర్ గారు కాగితం వంక చూసి, నా వంక చూసి, "మీ బాబు ఆడతాడామ్మా?" అన్నారు. నాకు బాబు లేడు. ఒక కూతురు ఉంది, దానికి చెస్ బోర్డు చూస్తేనే ఆవలింతలు వస్తాయి. "నేనే ఆడతాను సార్" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, సెలవు కారణం దగ్గర "కుటుంబ శుభకార్యం" అని రాయమన్నారు. అలాగే రాశాను.

చెస్ నాకు డిపో విశ్రాంతి గదిలో పట్టుబడింది. యాదగిరి అనే డ్రైవరన్న నేర్పాడు. ఆయన బస్సు ఎంత నింపాదిగా నడుపుతాడో చెస్ అంత దూకుడుగా ఆడతాడు. రెండేళ్లు గడిచేసరికి డిపోలో నన్ను ఓడించేవాళ్లు లేకుండా పోయారు, ఆ తర్వాత నాతో ఆడేవాళ్లే లేకుండా పోయారు. ఓడిపోవచ్చు గానీ కండక్టరమ్మ చేతిలో ఓడితే స్టీరింగ్ పట్టబుద్ధి కాదట. ఆ సమయంలోనే సోలాపూర్ నుంచి మా చిన్నమ్మ కొడుకు సీను వాట్సాప్‌లో ఒక పోస్టర్ పంపాడు. దాజీ పేట్‌లో చెస్ పోటీ, ఎవరైనా ఆడవచ్చు, మధ్యాహ్న భోజనం ఉచితం. "రా అక్కా, అమ్మను చూసినట్టు గూడ అయితది" అని కింద రాశాడు. ఆ పోస్టర్‌ను వాడు ఫోన్‌లో ఉన్న వాళ్లందరికీ పంపాడని, నిజంగా బయలుదేరింది నేనొక్కదాన్నేనని తర్వాత తెలిసింది.

శనివారం తెల్లవారుజామున ఐదున్నర బస్సుకు బయలుదేరాను. నేను టికెట్ కొట్టకుండానే బస్సు కదలడం వింతగా తోచింది. ఎవరైనా చెయ్యెత్తితే నా చెయ్యి దానంతట అదే బెల్లు తాడు కోసం వెతికింది. తొమ్మిది దాటాక జూబ్లీ బస్టాండ్‌లో దిగి, రెండు ఇడ్లీలు తిని, ఆటోలో సికింద్రాబాద్ స్టేషన్ చేరాను. ముంబై వైపు పోయే రైళ్లలో చాలావరకు సోలాపూర్‌లో ఆగుతాయి. కూర్చునే బోగీలో ముందే సీటు రిజర్వు చేయించుకుంటే హాయిగా వెళ్లవచ్చు. వికారాబాద్ దాటుతుంటే అడవి వస్తుంది, సరిగ్గా అప్పుడే బోగీ అంతా నిద్రపోతుంది. తాండూరులో ఎండకు మెరిసే బండల గుట్టలు వస్తాయి, అప్పుడు అందరూ లేచి కళ్లు చికిలించుకుని తినుబండారాలు విప్పుతారు.

ఎదుటి సీటులో తువ్వాళ్ల వ్యాపారి ఒకాయన కూర్చున్నాడు. దాజీ పేట్ మనిషే. చెస్ పోటీకి వెళుతున్నానంటే ఆయన ముఖం వెలిగింది.

"అంబాదాస్ సేఠ్ పెట్టే పోటీకేనా అక్కా? చాన మంచిగ చేస్తడు. జిలేబి పెడ్తడు, సన్మానం చేసి చద్దర్ కప్పుతడు. ప్రతి యేడు ఆయననే ఫస్ట్ వస్తడు."

"పోటీ పెట్టేదీ ఆయనే, గెలిచేదీ ఆయనేనా?"

"మరి ఖర్చు ఆయనదే గద!" అన్నాడు ఆయన, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు.

నాలుగు గంటలకు సోలాపూర్‌లో దిగాను. స్టేషన్ బయట షేర్ ఆటోలు ఉంటాయి. డ్రైవర్ మరాఠీలో అడిగాడు, నేను నాకొచ్చిన హిందీలో చెప్పాను. నా హిందీ రెండు మాటలు వినగానే తెలుగులోకి దిగి, "మీది ఏ జిల్లా?" అన్నాడు. తెలుగు నేతవాళ్లు స్థిరపడిన దాజీ పేట్‌లోకి వెళ్లాక నాకు ఊరు మారినట్టే అనిపించలేదు. పవర్‌లూమ్ షెడ్ల చప్పుడు మా సిరిసిల్ల చప్పుడే. తేడా ఒక్కటే, ఇక్కడ ఆ చప్పుడు మీద మూడు భాషల్లో అరవాలి.

చిన్నమ్మ పేరు నర్సవ్వ. పెళ్లయి సోలాపూర్ వచ్చి నలభై ఏళ్లు దాటింది. గడపలో కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను చూసి లేవబోయి, మోకాలు పట్టుకుని మళ్లీ కూర్చుంది.

"బిడ్డా, గింత దూరం గా బొమ్మలు జరుపనీకి వచ్చినవా?"

"అవును చిన్నమ్మా. పొద్దంతా కూర్చుని ఆడాలి."

"కూసుండుడేనా? గదే అయితే నేను గూడ ఫస్ట్ వద్దును" అని నవ్వింది. కడక్ భాకరీ అనే ఎండిన జొన్నరొట్టె, శేంగా చట్నీ అనే వేరుశనగ పొడి, మీద ఇంత పెరుగు పెట్టింది. సోలాపూర్ వెళ్లినవాళ్లు ఇది తినకుండా రాకండి. పళ్లు గట్టిగా ఉండాలి, అంతే.

ఆదివారం తొమ్మిదికల్లా పోటీ జరిగే హాలుకు చేరాను. పెళ్లిళ్లు చేసే హాలు. వేదిక మీద ఆరు సోఫాలు, వాటి మీద తెల్లటి కొత్త తువ్వాళ్లు, ఆటగాళ్లకు ప్లాస్టిక్ కుర్చీలు. వేదిక వెనక గోడకు పెద్ద ఫ్లెక్స్ ఒకటి చుట్టచుట్టి తాడుతో కట్టి ఉంది. పేర్లు రాసుకునే అతను తల ఎత్తకుండానే "పిల్లల వయసు చెప్పండి" అన్నాడు. "నలభై మూడు" అన్నాను. అప్పుడు తల ఎత్తాడు.

పది గంటలకు మొదలు కావలసిన ఆట పదకొండున్నరకు మొదలైంది. ముఖ్య అతిథిగా ఒక నాయకుడు రావాలి, ఆయన వచ్చాక మాట్లాడాలి, ఆయన మాట్లాడాక మిగతా ఐదు సోఫాలూ మాట్లాడాలి. చెస్ ఆడితే కోపం తగ్గుతుందని ఒకరు, జ్ఞాపకశక్తి పెరుగుతుందని ఒకరు చెప్పారు. రెండో ఆయన ఆ మాటే మూడుసార్లు చెప్పారు. చివరికి ముఖ్య అతిథి మొదటి ఎత్తు వేసి ప్రారంభించాలి. ఆయన బోర్డు ముందు నిలబడి, కెమెరా వైపు తిరిగి, రాజును పట్టుకుని నేరుగా అవతలి రాజు పక్కన పెట్టారు. చప్పట్లు మోగాయి. ఆటకు తీర్పరిగా బయటి ఊరి నుంచి వచ్చిన ఆర్బిటర్ గారు రాజును ఎవరూ చూడకుండా వెనక్కి తెచ్చి పెట్టారు.

అంబాదాస్ సేఠ్‌ను అప్పుడే చూశాను. అరవై ఏళ్లుంటాయి. మల్లెపువ్వులాంటి బట్టలు, ప్రతి ఒక్కరికీ చేతులెత్తి దండం. తువ్వాళ్ల షెడ్లు ఆయనవి, సీను పనిచేసేది వాటిలోనే, మగ్గాలు చెడిపోతే బాగుచేసే పని; పోటీ ఏర్పాట్లు చూసేదీ వాడే. సేఠ్ నా దగ్గరికి కూడా వచ్చి, "సిరిసిల్ల నుంచి వచ్చినవా తాయి? చాన సంతోషం. ఫికర్ చెయ్యకుంట ఆడు" అన్నారు. తాయి అంటే అక్కడ అక్క అని. మనిషి మంచివాడు. చిక్కంతా అక్కడే ఉందని మధ్యాహ్నానికి అర్థమైంది.

మొత్తం ఆరు ఆటలు, ఒక్కో ఆటకు ఒక్కొక్కరికి ఇరవై ఐదు నిమిషాలు. నేను మొదటి రెండూ గెలిచాను. మూడోది తొందరగా ముగించి, మొదటి బోర్డు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఆ బోర్డుకు మాత్రమే టేబుల్ ఫ్యాన్ ఉంది. సేఠ్‌కు ఎదురుగా ఆ పేటలోని డాక్టరు గారు కూర్చున్నారు. డాక్టరు గారికి ఒక ఏనుగు ఎక్కువుంది. ఆయన బోర్డు చూశారు, సేఠ్ ముఖం చూశారు, గట్టిగా ఊపిరి పీల్చి తన మంత్రిని తీసుకెళ్లి సేఠ్ బంటు నోటి ముందు పెట్టారు. సేఠ్ అది గమనించలేదు, ఇంకెటో చూస్తున్నారు. డాక్టరు గారు కాసేపు ఆగి, హాలంతా వినబడేలా "అయ్యయ్యో, నా వజీర్!" అన్నారు. అప్పుడు సేఠ్ చూశారు. మెల్లగా బంటును జరిపి మంత్రిని తీసుకుని, "జల్దీ పడ్డరు డాక్టర్ సాబ్" అని ఓదార్చారు.

పక్కనున్నాయన నా చెవిలో చెప్పాడు. "ఒక యేడు పుణే నుంచి మంచి ఆటగాడు వచ్చిండు. అన్నం పెట్టి, చద్దర్ కప్పి, డ్రా చేపిచ్చి పంపినం."

ఐదు ఆటలు ముగిసేసరికి సేఠ్‌కు ఐదు పాయింట్లు. నాకు నాలుగున్నర, ఒక కాలేజీ విద్యార్థితో డ్రా అయింది. చివరి ఆట నాకూ సేఠ్‌కూ పడింది. గోడ మీద పేర్లు అంటించగానే సీను చాయ్ గ్లాసుతో పరుగెత్తుకొచ్చి నన్ను మెట్ల దగ్గరికి తీసుకెళ్లాడు.

"అక్కా, సేఠ్‌తోని జర చూసి ఆడు."

"చూసే ఆడతాను."

"గట్ల కాదు. జర చూడకుంట ఆడు."

నేను వాడి ముఖంలోకి చూశాను. నవ్వు లేదు.

"దివాలీకి నన్ను సూపర్‌వైజర్ చేస్త అన్నడు అక్కా. అయితె అమ్మతోని బీడీల పని మాన్పిస్త. దాని మోకాళ్లు చూసినవ్ గద. నిన్ను ఓడు అంటలేను. డ్రా చెయ్యి చాలు. ఆయన ఫస్టు, నువ్వు సెకండు, ఎవ్వరి ఇజ్జత్ పోదు."

చిన్నమ్మ లేవబోయి మళ్లీ కూర్చోవడం కళ్ల ముందు మెదిలింది. "సరే, డ్రా చేస్తాను" అన్నాను. మాటవరసకు అన్నది కాదు, నిజంగానే అనుకుని లోపలికి వెళ్లాను.

తెల్ల బలగం నాది. డ్రా చేయాలని కూర్చున్న మనిషి ఎలా ఆడుతుందో అలాగే ఆడాను. సేఠ్ కూడా పద్ధతిగా ఆడారు. రాజును మూలకు చేర్చి కోట కట్టుకున్నారు. ముందు మూడు బంట్లు వరుసగా కాపలా. అంతా సవ్యంగా నడుస్తోంది. ఆయన గుర్రాన్ని నా బంటుతో తరిమితే అది రాజును వదిలి అవతలి పక్కకు వెళ్లిపోయింది. అప్పుడు సేఠ్ వెనక్కి వాలి, ఎంతో ప్రేమగా ఒక మాట అన్నారు.

"బాగ ఆడుతున్నవ్ తాయి. ఆడోళ్లు గిట్లనే ఆడ్తరు. బచావ్ మంచిగ చేస్కుంటరు. అటాక్ మాత్రం చెయ్యరు. అది మీ స్వభావంల లేదు."

చుట్టూ ఉన్నవాళ్లు తలలు ఊపారు. నేను బోర్డు వైపు చూశాను. నా ఒంటె ఎదురుగా ఏటవాలు దారి ఖాళీగా ఉంది. దాని చివర సేఠ్ రాజు ముందున్న బంటు. పక్కనే గెంతడానికి నా గుర్రం సిద్ధంగా ఉంది, ఆ వెనక మంత్రి. యాదగిరన్న నాకు మొట్టమొదట నేర్పిన దాడి ఇదే. చెస్ నేర్చుకునే పుస్తకాలన్నింటిలో ఉంటుంది. డిపోలో డ్రైవర్లందరికీ తెలుసు కాబట్టి నాకు ఎవరూ ఈ అవకాశం ఇవ్వరు. సేఠ్ ఇచ్చారు. ఇన్నేళ్లలో ఆయన మీద ఎవరూ దీన్ని వాడి ఉండరు మరి.

తల ఎత్తితే గుంపులో సీను కనబడ్డాడు. వాడికి ఆట వచ్చు. నేను చూస్తున్నది వాడూ చూశాడు. చాయ్ ట్రే పట్టుకుని, తల అడ్డంగా ఊపుతున్నాడు.

ఒంటెను తీసుకెళ్లి బంటును కొట్టాను. "చెక్" అన్నాను.

గుంపులో ఎవరో "అరే, ఉంట్ ఫుకట్ల పోయె!" అన్నారు. సేఠ్‌కు కూడా జాలి కలిగినట్టుంది. "చూస్కున్నవా తాయి?" అని అడిగారు. చూసుకున్నానన్నాను. రాజుతో నా ఒంటెను తీసేశారు. గుర్రంతో చెక్ చెప్పాను. రాజు వెనక్కి వెళ్లాడు. మంత్రిని రాజున్న మూలకు గురిపెట్టాను. అప్పుడు సేఠ్ కుర్చీలో ముందుకు జరిగారు. టేబుల్ ఫ్యాన్ తిరుగుతూనే ఉన్నా నుదుటి మీద చెమట పట్టింది. రాజుకు దారి ఇవ్వడానికి ఏనుగును జరిపారు. ఆ తర్వాత ఆయన ఆడినవన్నీ వేరే దారి లేక ఆడినవే. నా మంత్రి చెక్ మీద చెక్ చెబుతూ ఆయన రాజును కోటలోంచి నడివీధికి తరిమింది. అక్కడ సొంత బలగమే నాలుగు వైపులా దారి మూసేసింది. చివరి చెక్‌కు రాజు కదలడానికి గడి దొరకలేదు.

హాలులో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టవచ్చో లేదో తేల్చుకోలేక అందరూ సేఠ్ వైపు చూస్తున్నారు. గెలిచానన్న సంతోషం నాకు ఒక్క నిమిషం నిలిచింది, ఆ తర్వాత సీను ముఖం చూడాలంటే భయం వేసింది. సేఠ్ లేచి, నా చెయ్యి పట్టుకుని ఊపి, "శాబాస్ తాయి" అన్నారు. చూపు మాత్రం బోర్డు మీదే ఉంది.

బహుమతుల వేళ ముఖ్య అతిథి మళ్లీ వచ్చారు. మొదటి బహుమతి సేఠ్‌దే అనుకుని ఆయన ప్రసంగం నేర్చుకుని వచ్చారు కాబట్టి ఆ ప్రసంగమే చేశారు. అందులో సేఠ్ పేరు వచ్చిన ప్రతిసారీ ఆర్బిటర్ గారు నేల చూశారు. ప్రసంగం ముగియగానే, ఎవరూ వద్దని చెప్పకపోవడంతో డెకరేషన్ వాళ్లు తాడు లాగారు. గోడ మీది ఫ్లెక్స్ గలగలమంటూ కిందికి విచ్చుకుంది. చేతులు జోడించిన అంబాదాస్ సేఠ్ నిలువెత్తు బొమ్మ, దాని కింద తెలుగులో, మరాఠీలో, హిందీలో: ఈ ఏటి విజేతకు హార్దిక అభినందనలు.

సేఠ్ తన బొమ్మ వైపు చాలాసేపు చూశారు. ధన్యవాదాలు చెప్పడానికి తీసుకున్న మైకు ఆయన చేతిలోనే ఉంది.

"సీనూ, ఇది ఎన్నడు ఛాపిచ్చినవ్?"

"మొన్న, సేఠ్" అన్నాడు సీను, వేదిక కింద నుంచి.

"మొన్న నేను ఇంక ఆడనే లేదు గద."

సీను తాడు లాగినవాళ్ల వైపు చూశాడు.

"పోయినేడుది?"

"అది గూడ ముందుగాల్నే, సేఠ్. ఆఖరి రోజు ఇస్తే ప్రెస్సోళ్లు టైముకు ఇయ్యరు."

సేఠ్ వంగి పట్టిన మైకులోంచి ఆ జవాబు కూడా హాలంతా వినబడింది. సేఠ్ మెల్లగా తల తిప్పి కింద కూర్చున్న వాళ్లందరినీ వరసగా చూశారు. "డాక్టర్ సాబ్, మీ వజీర్?" అని అడిగారు. డాక్టరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఆటగాళ్లలో ఒక నూలు వ్యాపారి ఫోన్ మోగకపోయినా చెవికి పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. "గిన్నేండ్లు అందరు కావాల్ననే ఓడిండ్రా?" అన్నారు సేఠ్. చివరి వరసలో ఒక ముసలాయన లేచి, "నేను నిజంగనే ఓడిన సేఠ్. నాకు ఆట రాదు" అన్నాడు. ఆ రోజంతా హాలులో అంత నిజాయితీగా వినబడిన మాట అదొక్కటే. కానీ సేఠ్‌కు అది ఊరటనిచ్చినట్టు లేదు.

నాకు చద్దర్ కప్పారు, కప్పు ఇచ్చారు. జనం జిలేబీల వైపు కదిలాక సేఠ్ బోర్డు దగ్గర ఒక్కరే కూర్చుని ఉన్నారు. నన్ను పిలిచి, బలగాన్ని మళ్లీ పేర్చమన్నారు. ఒంటెను ఇచ్చిన చోటు దాకా పేర్చాను.

"ఎందుకు ఇచ్చినవ్ తాయి దీన్ని?"

"రాజును బయటికి గుంజడానికి, సేఠ్."

ఆయన ఆ ఒంటెను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు. "నాకు ఇన్నేండ్లల్ల ఎవ్వడు ఒక్క ఒంటె ఇయ్యలే. అందరు పూరా ఆటనే ఇచ్చిండ్రు" అన్నారు. దాడిని మళ్లీ రెండుసార్లు ఆడి చూపించాను. వెళ్లేటప్పుడు సీనును చూసి, "రేపు పొద్దుగాల్నే షెడ్డుకు రా, మాట్లాడేది ఉంది" అన్నారు.

ఇంటికి వెళ్లేదాకా సీను నాకంటే పది అడుగులు ముందే నడిచాడు. చిన్నమ్మ కప్పును అటూ ఇటూ తిప్పి, "దీంట్ల ఏం వండుతరు?" అంది. సంగతంతా చెప్పి, నా వల్ల వాడి పని పోతుందేమో అన్నాను. "పోతే పోతది. మగ్గం బాగుచేసేటోనికి గీ పేటల పని దొరుకదా? నువ్వు అన్నం తిను" అంది గానీ, చాట ముందుకు లాక్కుని మామూలు కంటే ఎక్కువసేపు బీడీలు చుట్టింది.

సోమవారం పదకొండు గంటల రైలుకు తిరుగు ప్రయాణమయ్యాను. స్టేషన్‌కు సీను రాలేదు, షెడ్డుకు వెళ్లాడు. సోలాపూర్ వెళ్లాలనుకునేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదీ: చద్దర్లు కొనకండి, ఏదో ఒక సన్మానంలో దూరితే వాళ్లే కప్పుతారు. మనుషులు అన్నం పెట్టకుండా పంపరు. నిజం మాత్రం అడిగితేనే చెబుతారు, అదీ మైకులో అడగాలి.

తాండూరు దగ్గర ఫోన్ మోగింది. సీను.

"అక్కా, సేఠ్ నన్ను ఆఫీసుల కూసుండబెట్టి చెస్ ఆడిండు. గెలిస్తే గెలువు, ఓడితే ఓడు, యాక్టింగ్ చేసినవంటే పని తీసేస్త అన్నడు."

"ఏమైంది?"

"నేను గెలిచిన. వచ్చే నెల సంది సూపర్‌వైజర్ అన్నడు. కానీ అక్కా, నేను నిజంగ గెలిచిన్నో, ఆయన కావాల్ననే ఓడిండో సమజైతలేదు. మంచిగున్న ఆటల తన ఒంటెను తెచ్చి నా రాజు ముంగట పడేసిండు. నేను కొట్టిన. గంతే, మళ్ల ఏం చెయ్యకుంట బోర్డు దిక్కే చూసుకుంట కూసున్నడు."

నాకు నవ్వు ఆగలేదు. పక్క సీటావిడ ఉలిక్కిపడి చూసింది. "కావాలని ఓడలేదురా. తర్వాత గుర్రంతో చెక్ చెప్పాలి. అది మర్చిపోయి ఉంటాడు. పోయి చెప్పు" అన్నాను.

"నేను చెప్తే మంచిగుంటదా అక్కా? సూపర్‌వైజర్ సేఠ్‌కు నేర్పిస్తడా? నువ్వే చెప్పు, నీ నంబర్ ఆయనకు గూడ ఇచ్చిన" అని సేఠ్ నంబర్ పంపాడు.

నంబర్ నొక్కాను. ఒక్క రింగుకే ఎత్తారు. వెనక మగ్గాల చప్పుడు, దాని మీదుగా అరుస్తున్న సేఠ్ గొంతు: "తాయీ, ఒంటె అయిపోయింది. ఇగ ఏం చెయ్యాలె?"

వికారాబాద్ అడవి దాటేదాకా ఆయనకు అరిచి చెబుతూనే ఉన్నాను. ఈసారి బోగీలో ఎవరూ నిద్రపోలేదు.